తడిచేతి యోయోకు కలకత్తా పూత

కలకత్తా నుంచి వచ్చి కొన్నాళ్లయింది. కనిపించిన ప్రతివాళ్లూ కాళీ గుడి చూశావా, రసగుల్లాలు తెచ్చావా అని అడుగుతున్నారు. గుడికి వెళ్లలేదు. రసగుల్లాలు తెచ్చాను గాని, బరంపురం దాటేసరికి డబ్బా మూత ఊడి పాకమంతా నా మంచి చీర తాగింది. "మరి అంత దూరం ఎందుకెళ్లినట్టు?" అంటే, యోయోకి పూత వేయించుకోవడానికి అని నిజమే చెబుతున్నాను. అవతలివాళ్లు నా ముఖంలోకి ఒకసారి చూసి, ఈ ఏడాది వానలెలా ఉన్నాయంటూ మాట మార్చేస్తున్నారు. ఇలా ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పుకునే కంటే ఒక్కసారి రాసి పడేస్తే మేలనిపించింది.

నాకు ముప్పై ఆరేళ్లు. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. ఉద్యోగంలో చేరాక వీణ నేర్చుకుంటే జనం మెచ్చుకుంటారు, యోగాసనాలు వేస్తే ఇంకా మెచ్చుకుంటారు. నేను యోయో పట్టాను. తీర్థాల్లో అమ్మే ప్లాస్టిక్‌ది కాదు, లేతులో తిప్పి చేసిన అల్యూమినియం యోయో. రెండు చిప్పలు, మధ్యలో బేరింగు. విసిరితే దారం చివర తూనీగలా గుంయిమంటూ చాలాసేపు తిరుగుతుంది. అలా తిరుగుతుండగానే దాన్ని దారం మీద ఎక్కించాలి, దించాలి, ఊయలలూపాలి. మా అమ్మకి మాత్రం ఈనాటికీ అది "ఆ బొంగరం".

ఒక్క విద్య తప్ప నాకు దాదాపు అన్నీ వచ్చాయి. తిరుగుతున్న యోయోని దారం మీంచి ఎగరేసి అరచేతిలో దించాలి. అరచేతిలో కూడా అది తిరుగుతూనే ఉండాలి. ఆటగాళ్లు దీన్ని గ్రైండ్ అంటారు. నా అరచేతిలో పడ్డ యోయో మాత్రం ఠక్కున ఆగిపోతుంది. తప్పు యోయోది కాదు, నా చేతులది. నా అరచేతులకి ఎప్పుడూ చెమటే, మాఘమాసం చలిలో కూడా. బడిలో నా పరీక్ష కాగితాల మీద సిరా అలుక్కుపోయేది. ఇంట్లో సినిమా టికెట్లు నా చేతికివ్వరు. కొత్తవాళ్లు చెయ్యి చాపితే నమస్కారం పెట్టి తప్పించుకుంటాను. డాక్టర్లని అడిగితే ఒంటి తత్వం అన్నారు.

నున్నటి లోహం తడి చర్మానికి అతుక్కుంటుంది. అద్దంలా పాలిష్ చేసిన యోయో నాకు పనికిరాదు. రంగెక్కించినదీ అంతే. ఇసుక కొట్టి గరుకు చేయిస్తే కొన్ని వారాలు బాగానే జారింది. తర్వాత ఆ గరుకు అరిగిపోయింది, చెయ్యి నల్లబడటం మాత్రం మిగిలింది. సన్నటి గరుకు ఉండి, ఆ గరుకు అరగకుండా నిలిచే పూత ఒకటుందని, అది సెరామిక్ అని, విదేశాల్లో యోయోలకి వేస్తున్నారని ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని చదివాను. అదే సమయంలో కలకత్తా భవానీపూర్‌లో ఒక క్లబ్బువాళ్లు తూర్పు రాష్ట్రాల యోయో ఆటగాళ్లందరినీ పిలుస్తున్నామని, ఒక్కొక్కరికీ ఒక పాట నడిచేంతసేపు ఆడే అవకాశం ఇస్తామని రాశారు. అంతకుముందు ఇలాంటివి రెండింటికి వెళ్లాను. రెండుచోట్లా యోయో నా అరచేతిలోకి రాగానే ప్రాణం విడిచింది. ఈసారీ అంతే అయితే యోయో మానేద్దామని గట్టిగా అనుకున్నాను. ఎవరినో బెదిరించడానికి కాదు, నాకే విసుగొచ్చింది.

పూత వేసేవాడి ఆచూకీ చెప్పింది కలకత్తాలో ఉండే అప్పన్న బాబాయి. "లిలువాలో మనోడే ఒకడున్నాడే. మోటారు సైకిళ్ల సైలెన్సర్లకి పూత్తాడు. నీ యోయోకి పుయ్యడేటి?" అన్నాడు ఫోన్లో. ఆసుపత్రిలో సెలవడిగి, లేతులో రెండు కొత్త యోయోలు తిప్పించుకుని రైలెక్కాను.

వాట్‌గంజ్

అప్పన్న బాబాయి మా అమ్మ చెల్లెలి భర్త. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి మీసాలు రాకముందే వచ్చి రేవులో చేరాడు, ఇప్పుడు క్రేను నడుపుతున్నాడు. హౌరా స్టేషన్లో ఆ జనసముద్రంలో ముందు నాకు వినిపించింది ఆయన కేక. తర్వాతే మనిషి కనిపించాడు. కుశలం అడక్కముందే యోయో అడిగాడు. సంచిలోంచి తీసిస్తే అరచేతిలో వేసుకుని బరువు చూశాడు.

"బేరింగు ఏ సైజు?" అన్నాడు.

ఇన్నేళ్లలో మా ఇంటి మనుషుల్లో ఆ ప్రశ్న అడిగింది ఆయనొక్కడే. నాకు అక్కడికక్కడే ఆయన మీద అభిమానం పుట్టుకొచ్చింది.

బస్సుకి ముందు టీ తాగించాడు. మూడు రూపాయలకి చిన్న మట్టి ముంతలో టీ. తాగాక ముంతని ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే, "నేలకేసి కొట్టీ" అన్నాడు. మా ఇంట్లో గ్లాసు పగలగొడితే పండగ పూట కూడా తిట్లే. ఇక్కడ పగలగొట్టకపోతేనే వింతగా చూస్తారు. మొదటిసారి భయపడుతూ వేస్తే అది పగల్లేదు, దొర్లుకుంటూ పోయి ఒక పెద్దాయన చెప్పుకి తగిలింది. రెండో టీ తాగాక సరిగ్గా కొట్టాను. మనసు తేలికపడింది. మనకీ ఇలాంటి ఏర్పాటు ఒకటుంటే సగం ఇళ్లలో గొడవలు తగ్గుతాయి.

బస్సు కిటికీలోంచి చూస్తే దారి పొడవునా గోడల మీద కొడవలి సుత్తి బొమ్మలే. కొన్ని రంగు వెలిసిపోయి గోడలో కలిసిపోయాయి. వాటి పక్కనే ఎదుటి పార్టీ గడ్డిపువ్వు బొమ్మలు తడి ఆరని రంగులో మెరుస్తున్నాయి. వచ్చే ఎన్నికల్లో ఏమవుతుందని కండక్టరూ ఒక ప్రయాణికుడూ గొంతులు చించుకుంటున్నారు. కొట్టుకుంటారేమోనని నేను కాళ్లు ముడుచుకు కూర్చుంటే, దిగేటప్పుడు ఇద్దరూ భుజాలు తట్టుకుని విడిపోయారు.

వాట్‌గంజ్‌లో బాబాయి వాళ్లుండేది ఒకే వరండా మీదికి తెరుచుకునే గదుల వరసలో. అటు బీహారువాళ్లు, ఇటు ఒరియావాళ్లు, మధ్యలో మన శ్రీకాకుళం. పైడమ్మ పిన్ని గుమ్మంలోనే రెండు బుగ్గలూ పట్టుకుంది. "వొచ్చీసినావా అమ్మీ! ఇలగ సిక్కిపోనావేటి! మా అక్క నీకు కూడెట్టటం నేదేటి?" పిన్ని ఇంట్లోనే కుట్టు మిషను మీద జాకెట్లూ లంగాలూ కుడుతుంది. పక్కింటామెతో బెంగాలీ, ఎదురింటామెతో హిందీ, నాతో మన మాట, మధ్యలో ఊపిరి తీసుకోకుండా మాట్లాడేస్తుంది.

చేపల పులుసు వండింది, ఆవనూనెతో. మొదటి ముద్దకి ముక్కులో ఏదో పేలినట్టయింది. రెండో ముద్దకి కళ్లు తుడుచుకున్నాను. మర్నాటికి అదే బాగుంది. ఇప్పుడు ఇంటికొచ్చాక మా అమ్మ వేరుశనగ నూనె పులుసు చప్పగా అనిపిస్తోంది. ఈ మాట ఆమెతో అనే ధైర్యం మాత్రం లేదు.

సాయంత్రం వరండాలో ఆడి చూపించాను. వరసలోని గదులన్నీ బయటికొచ్చాయి. దారం మీద ఊయల వేస్తే చప్పట్లు. చివరికి అరచేతిలోకి ఎగరేశాను, అది ఎప్పటిలాగే ఆగిపోయింది.

"సేతిలో పడగానే సచ్చిపోతందేటే అది?" అంది పిన్ని.

అరచెయ్యి చూపించాను. వేలితో రాసి చూసి, "మా అమ్మకీ ఇలగే. జంతికలు సుట్టటానికి దగ్గరికి రానిచ్చేవోరు కాదు. ముసిల్ది మూలన కుసోని తినటానికే పనికొచ్చేది" అని నవ్వింది. ఈ చెమట మా అమ్మమ్మ ఇచ్చిన ఆస్తి అని నాకంతవరకూ తెలియదు.

లిలువా

లిలువా హౌరా పక్కనున్న రైల్వే వర్క్‌షాపు ఊరు. లోకల్ రైల్లో ఝాల్‌ముడి అని అయిదు రూపాయలకి పొట్లం అమ్మితే కొన్నాను. మన మరమరాల మసాలాకి అప్పచెల్లెలే, కాకపోతే ఇందులోనూ ఆవనూనే. తినడం పూర్తికాకముందే స్టేషనొచ్చింది. సగం పొట్లం పక్కావిడ ఒళ్లో ఒలికింది. ఆవిడ తిట్టలేదు, ఏరుకుని తినేసింది.

బాబాయి చెప్పిన శామ్యూల్ అంకుల్ రైల్వే నుంచి రిటైరై, రేకుల షెడ్డు ఒకటి అద్దెకు తీసుకుని పూతల పని పెట్టుకున్నారు. వాళ్ల తాతలు భీమిలి వైపు నుంచి వచ్చారట. సైలెన్సర్లు, ఇస్త్రీపెట్టెల అడుగులు, హోటళ్ల పెనాలు వరసగా వేలాడుతున్నాయి. "వందనాలమ్మా, రండి రండి" అంటూ కుర్చీ తుడిచారు. ఆయన భార్య ఎస్తేరమ్మ ఆంటీ పూత వేసిన పెనం తెచ్చి, నూనె చుక్క వేయకుండా నా కళ్లముందే గుడ్డు వేయించి చూపించారు. గుడ్డు పెనం మీద బిళ్లలా జారింది. "నా సంసారమంతా దీని మీదే నడుస్తందమ్మా, గీత పడలేదు చూడు" అన్నారు. ఆ అట్టు కూడా నాకే పెట్టారు.

అంకుల్ పని పద్ధతి చెప్పారు. ముందు సన్నటి ఇసుక కొట్టి లోహాన్ని గరుకు చేస్తారు. దాని మీద పిచికారీతో పలచగా పూత వేస్తారు. తర్వాత పొయ్యిలో పెట్టి కాలుస్తారు. నేను తెలుపు కోరుకున్నాను. "అంకుల్, మధ్యలో బేరింగు కూర్చునే చోట, దారం తిరిగే చోట పూత పడకూడదు" అని చెప్పాను.

"ముప్పయ్యేళ్లు రైలు పెట్టెలకి రంగులేశాను. తాతకి దగ్గులు నేర్పుతావా తల్లీ?" అన్నారు.

సరేనన్నాను. ఒక యోయో ఇచ్చి వచ్చాను.

మర్నాడు వెళితే అంకుల్ వెలిగిపోతూ ఎదురొచ్చారు. యోయో చూడటానికి ముత్యంలా ఉంది. బేరింగు పెట్టబోతే లోపలికి దిగదు. గూట్లో కూడా పూత నిండింది. అంకుల్ గర్వంగా, "ఎక్కడా వదల్లేదమ్మా. లోపల రెండు పూతలు ఎక్కువే వేశాను" అన్నారు. పాపం, ఆయన జీవితమంతా పని చేసింది రైల్వేలో. లోహం ఎక్కడ బోసిగా కనపడితే అక్కడ తుప్పు పడుతుందన్నది ఆయనకి వేదవాక్యం. బేరింగు దిగకపోతే యోయో ఉత్త డబ్బా అని నేను చెబితే, ఆయన ముఖం మధ్యాహ్నం పూట చందమామలా వెలవెలబోయింది. సుత్తితో బలవంతాన దిగ్గొట్టి విసిరితే వణికిపోయింది. పూత ఒక పక్క మందంగా, ఇంకో పక్క పలచగా ఉందన్నమాట. వద్దంటే వినకుండా నెయ్యి పోసే చుట్టంతో భోజనం పాడైనట్టు ఉంది నా పని.

నాకు కోపం రాకపోలేదు. మిగిలింది ఒక్క యోయో. దీన్ని ఇచ్చి రావడానికి మనసొప్పక అక్కడే కూర్చున్నాను. ఈసారి గూడు చుట్టూ, దారం దారి చుట్టూ నేనే టేపు అంటించాను. అంకుల్ పిచికారీ పట్టారు, నేను రెండు చిప్పల్నీ పుల్లకి గుచ్చి సమానంగా తిప్పాను. కాల్చే ముందు టేపు పీకేశాం. అది చల్లారేదాకా ముగ్గురం దాని చుట్టూ కూర్చున్నాం, పురిటిగది బయట కూర్చున్నట్టు.

బేరింగు టక్కున దిగింది. ఇక ఆ స్పర్శ ఎలా ఉందంటే, వేలితో రాస్తే కోడిగుడ్డు పెంకులా ఉంది. చల్లగా, పొడిగా, నునుపూ కాదు గరుకూ కాదు. విసిరాను, వణుకు లేదు. అరచేతిలోకి ఎగరేశాను. జర్రుమని తిరిగింది! ఎంతోసేపు కాదు, చెయ్యి కాస్త వంగేసరికి పడిపోయింది. కాని తిరిగింది. ఎస్తేరమ్మ ఆంటీ "ప్రభువుకి స్తోత్రం" అన్నారు. నేను ఆవిణ్ని పట్టుకుని ఎగిరాను.

అంకుల్ చెంచా పెట్టి గీశారు, గీత పడలేదు. "గీతకి భయపడకు. దెబ్బకి భయపడు. సిమెంటు మీద అంచు తగిలితే పెంకు లేస్తది. ఇంకో సంగతి, ఇది గట్టిదే గాని దాహం మనిషి. కొత్తలో నూనె కనబడితే తాగేస్తది" అన్నారు. మొదటి యోయోని తన బల్ల మీద కాగితాల బరువుకి ఉంచుకుంటానన్నారు. సరేనన్నాను.

విశ్వకర్మ పూజ రోజు

మనవైపు ఆయుధపూజ దసరాకి. ఇక్కడ బెంగాలీ లెక్కలో భాద్రపదం చివర విశ్వకర్మ పూజకి ప్రతి రేవూ ప్రతి ఫ్యాక్టరీ పనిముట్లని కడిగి పూజలో పెడుతుంది. ఆ రోజు పనిముట్టు పట్టుకోకూడదు. రేవులో క్రేన్లకి కూడా దండలేసి ఆపేస్తారు. ఆకాశం నిండా గాలిపటాలు. భవానీపూర్‌లో మా ఆట మర్నాడే.

పొద్దున్నే కుళాయి దగ్గర స్నానం చేసి వచ్చేసరికి పిన్ని పూజ అయిపోవచ్చింది. కుట్టు మిషనుకి మందారాల దండ. దాని ముందు పీట మీద పిన్ని కత్తెర, బాబాయి పెద్ద పానా, వాటి మధ్య నా తెల్ల యోయో. యోయో ఒక చిప్ప మీద అయిదు సింధూరం బొట్లు. ఇక్కడ సింధూరం ఆవనూనెలో కలిపి పెడతారు. ఆ నూనె బొట్ల చుట్టూ పాకుతూ పూతలోకి ఇంకిపోతోంది.

"ఎవరు ముట్టుకోమన్నారు దాన్ని?" అని అరిచేశాను. వరండాలో అవతలి గదులదాకా వినిపించి ఉంటుంది. పిన్ని చేతిలో హారతి పళ్లెం అలాగే ఉండిపోయింది.

తుడుద్దామని వంగితే బాబాయి నా చెయ్యి పట్టుకున్నాడు. "ముట్టకు. ఈవేళ ఇస్వకర్మది. కిరేన్లే ఆపీసినాం, నువ్వు ముడతావేటి?"

"రేపు ఆట బాబాయీ! నూనె పీల్చేస్తే చేతికి అతుక్కుపోతుంది. అది ఇక పనికిరాదు!"

పిన్ని పళ్లెం కింద పెట్టింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి గాని గొంతు గట్టిగానే ఉంది. "నీ పనిముట్టు గదా అనీసి పెట్టినానే. నా మిసనుంది, మీ బాబాయి పానా ఉంది. నీదొక్కటీ ఒగ్గీసి పూజెలగ సేస్తాను?"

నేను నేల మీద కూర్చున్నాను. మొదట కోపంతో ఏడ్చాను. తర్వాత ఏడ్చింది కోపంతో కాదు. అమ్మకి అది బొంగరం, ఆసుపత్రిలో వాళ్లకి నా పిచ్చి, చుట్టాలకి వేళాకోళం. క్రేను పానా పక్కన, కుట్టు మిషను ముందు, దండ వేసి కూర్చోబెట్టింది ఈ పిన్ని ఒక్కతే. ఆమె గౌరవమే నా కొంప ముంచింది. తిట్టనూ లేను, తిట్టకుండా ఉండనూ లేను. మింగలేక కక్కలేక అంటే ఏమిటో ఆ పీట ముందు తెలిసింది.

బాబాయి వరండాలోకి పోయి శామ్యూల్ అంకుల్‌కి ఫోను చేసి నా చేతికిచ్చాడు. పొయ్యిలో మళ్లీ కాలిస్తే నూనె పోతుందేమోనన్నాను. "పోవచ్చు తల్లీ. కాని నా పొయ్యికి మా పనివాళ్లు దండేసి బొట్టు పెట్టారు. నేను చర్చి మనిషినే, అయినా ఈ రోజు దాన్ని వెలిగిస్తే రేపు వాళ్లు నా ముఖం చూడరు" అన్నారు. ఎస్తేరమ్మ ఆంటీ ఫోను లాక్కున్నారు. "సుద్దపొడిలో పూడ్చెయ్యమ్మా. నూనెని సుద్ద లాక్కుంటది. నా పెనాల మీద జిడ్డుకి నేనదే చేస్తా. కదపొద్దు, రేపటిదాకా అట్టే ఉంచు. రంగు పోద్దో లేదో నేను చెప్పలేను."

బాగానే ఉంది. కాని ఆ రోజు యోయోని ముట్టుకోవచ్చా? అందరం బాబాయి వైపు చూశాం. ఆయన పీట ముందు బాసింపట్టు వేసుకుని, క్రేను ఎత్తాల్సిన బరువుని అంచనా కట్టినట్టు చాలాసేపు ఆలోచించాడు.

"దాని సేత పని సేయించటం నేదు గదా?" అన్నాడు చివరికి. "పడుకోబెడతన్నాం. ఇస్వకర్మ రోజు పనిముట్టుకి ఇస్రాంతి ఇయ్యాల. పీట మీద పడుకుంటే ఏటి, సుద్దలో పడుకుంటే ఏటి? కాపోతే ఇప్పటం గిప్పటం సెయ్యకు. బేరింగు రేపు కడుగుదుం."

పిన్ని అప్పటికే చెప్పులేసుకుంది. వీధి చివర కొట్టులో ఉన్న సుద్దముక్కల పెట్టెలన్నీ పట్టుకొచ్చింది. "రోకలి పనిముట్టేనా?" అని నేనడిగితే బాబాయి వినిపించుకోనట్టు గాలిపటాలు చూశాడు. పిన్ని దంచింది, నేను జల్లించాను. యోయోని పీట మీంచి పిన్నే రెండు చేతులతో ఎత్తి, దండం పెట్టి, రేకు డబ్బాలో సుద్దపొడిలో పడుకోబెట్టింది.

"ఒలే, నిజంగా పాడైపోతాదేటే?" అంది నెమ్మదిగా.

"తెలీదు పిన్నీ" అన్నాను. అరిచినందుకు ఇంకేదో కూడా అందామనుకున్నాను. అప్పటికే ఆమె నా కంచంలో కిచిడీ, వంకాయ వేపుడు వడ్డించేస్తోంది. మధ్యాహ్నమంతా మేడ మీద గాలిపటాలు చూశాను. ఆటకి ముందురోజు చెయ్యి ఖాళీగా ఉండటం నాకదే మొదటిసారి. చేతులు ఊరికే కదులుతూనే ఉన్నాయి.

భవానీపూర్

పొద్దున్న తీసి చూస్తే సుద్దపొడి యోయో చుట్టూ పసుపు పచ్చగా గడ్డకట్టి ఉంది. నూనె చాలావరకు వచ్చేసింది. సింధూరం రాలేదు. అయిదు మచ్చలూ లేత గులాబీ రంగులో అలాగే నిలిచిపోయాయి. బాబాయి బేరింగు విప్పి కిరసనాయిల్లో కడిగాడు. నేను మచ్చల మీద వేలు పెట్టి రాసి చూశాను. పొడిగానే ఉన్నట్టుంది, మళ్లీ రాస్తే కాస్త జిడ్డుగా ఉన్నట్టూ ఉంది. నా వేలే తడి, దాని సాక్ష్యం ఏం నమ్మాలి? మచ్చలు ఒక చిప్ప మీదే ఉన్నాయి కాబట్టి, రెండో చిప్ప చేతికి తగిలేలా ఆడదామని తేల్చుకున్నాను.

పిన్నీ బాబాయీ నాతో బయల్దేరారు. ధర్మతల్లా దాకా ట్రాము, అక్కడి నుంచి మెట్రో. ఈ ఊళ్లో సంసారం పెట్టి ఇన్నేళ్లయినా పిన్ని మెట్రో ఎక్కలేదట. కదిలే మెట్ల ముందు ఆగిపోయి, వెనక జనం "ఓ మాషీమా!", ఓ పిన్నిగారూ, అని కేకలేస్తున్నా, చెంగు నడుముకి చుట్టి, దేవుణ్ని తలుచుకుని ఒక్క గెంతు గెంతింది. దిగేటప్పుడూ గెంతింది. "ఇంత సుకమా! ఇన్నాళ్లూ బస్సులో నలిగి సచ్చినాను" అని బాబాయిని అక్కడే నిలదీసింది.

క్లబ్బు ఒక మిఠాయి కొట్టు మీద మేడ గది. క్యారమ్స్ బల్లలు గోడకి నెట్టేసి మధ్యలో జాగా చేశారు. ఆడేవాళ్లు కటక్ నుంచి, పాట్నా నుంచి, ఎక్కువమంది అక్కడివాళ్లే. అందరూ కాలేజీ ఈడువాళ్లు, నేనే అందరికీ అక్కని. ఏర్పాట్లు చూసే అనిర్బాన్ అనే కళ్లద్దాల అబ్బాయి "దిదీ, దిదీ" అంటూ నాకూ మావాళ్లకీ కుర్చీలేసి, సందేశ్ మిఠాయి పెట్టాడు. గదిలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గాని గాలి లేదు. సెప్టెంబరు కలకత్తా ఉక్కపోత ఏమిటో చెప్పనక్కర్లేదు. పొడి చేతులవాళ్లు కూడా పౌడరు రాసుకుంటున్నారు. నాకు పౌడరు పిండిముద్ద అయిపోతుంది, అందుకే రాసుకోను.

నా వంతు వచ్చింది. పాట మొదలైంది. ఊయల, నిచ్చెన, ముడి, అన్నీ బాగానే వచ్చాయి. అరచేతుల్లోంచి నీరు మణికట్టు దాకా దిగుతోంది. అరచేతి కోసం ఎగరేశాను. కంగారులో దారం వేలికి చుట్టుకుంది. యోయో అడ్డంగా పోయి సిమెంటు నేలని ఠంగుమని కొట్టింది.

"ఓలమ్మో!" అంది పిన్ని. గదంతా విన్నది.

తీసి చూశాను. అంకుల్ చెప్పినట్టే అంచు దగ్గర పెంకు లేచి లోపలి అల్యూమినియం మెరుస్తోంది. గోరు పెడితే గుచ్చుకుంది. ఆ అంచు తిరుగుతూ అరచేతిలో దిగితే చెయ్యి కోసుకుంటుంది. లేచిన పెంకు ఏ చిప్ప మీదనుకున్నారు? మచ్చలేని చిప్ప మీదే. ఇక మిగిలింది సింధూరం చిప్ప. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పాట నడుస్తూనే ఉంది. ఆపేసి నమస్కారం పెట్టి కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అనరు.

పిన్ని వైపు చూశాను. కుర్చీ అంచున కూర్చుని, రెండు చేతులూ జోడించి, నన్ను కాదు, నా చేతిలోని యోయోనే చూస్తోంది.

దారం చిక్కు తీసి మళ్లీ చుట్టి, విసిరాను. గుంయిమంది. బేరింగు కిరసనాయిలు స్నానం చేసి హాయిగా ఉంది. ఒకసారి దారం మీద ఊగనిచ్చి, మచ్చల చిప్ప కిందికి వచ్చేలా వంచి ఎగరేశాను. అరచేతిలో పడింది.

ఆగలేదు.

మొదట నమ్మకం కలగలేదు. చేతిలో సన్నటి చక్కిలిగింత, గుడ్డు పెంకు చర్మం మీద పరుగెడుతున్నట్టు. తడి మీదే జారుతోంది. చెయ్యి కొంచెం వంచితే మణికట్టు వైపు వచ్చింది, అటు వంచితే వేళ్ల వైపు పోయింది. తెలుపులో గులాబీ మచ్చలన్నీ కలిసిపోయి ఒకే చక్రంలా కనబడ్డాయి. పాట అయిపోయినట్టుంది, నాకు తెలియలేదు. నాకు వినిపిస్తున్నది నా చేతిలో మోత ఒక్కటే.

"తిరుగుతంది! ఒరే, తిరుగుతందిరో!" అని పిన్ని లేచి నిలబడి మన భాషలో అందరికీ చెప్పింది. అందరికీ అర్థమైంది.

యోయోని ఎగరేసి దారం మీదికి తీసుకుని పిడికిట్లోకి లాగేసరికి చప్పట్లు మొదలయ్యాయి. నాకు కన్నీళ్లొచ్చాయి, ఆపుకోలేదు. అనిర్బాన్ పరుగెత్తుకొచ్చాడు. యోయో అడిగి తీసుకుని పూత మీద బొటనవేలు రాసి, గులాబీ మచ్చల్ని వెలుతురుకి తిప్పి తిప్పి చూశాడు.

"దిదీ, హాతే కీ పౌడర్?" అన్నాడు. చేతికి ఏ పౌడరు రాశానో చెప్పమంటున్నాడు.

ఏమీ రాయలేదని అరచెయ్యి తిప్పి అతని ముఖం ముందు పెట్టాను. చెమట బొట్లు గీతల వెంట మెరుస్తున్నాయి. అతను ఒక వేలు ఆనించి చూశాడు. వేలు తడిసింది. వెనక్కి తిరిగి మిగతావాళ్లని బెంగాలీలో గట్టిగా పిలిచాడు. అందరూ చుట్టూ మూగారు. ఒకరి తర్వాత ఒకరు నా తడిచెయ్యి చూశారు, ముట్టుకున్నారు, యోయో చూశారు, మళ్లీ చెయ్యి చూశారు.

"ఆర్ ఏక్ బార్, దిదీ" అన్నారు. ఇంకొక్కసారి అంటున్నారు.

చెయ్యి తుడుచుకోకుండానే విసిరాను.